జ్వరం అమ్మోరిది, దగ్గు డాక్టరమ్మది

ఆ రోజుల్లో నేను కాటా ముల్లు తప్ప మరి దేన్నీ పూర్తిగా నమ్మేవాణ్ణి కాదు. మనుషుల మాట అటూ ఇటూ ఊగుతుంది, సముద్రం సంగతి చెప్పనే అక్కర్లేదు. ముల్లు మాత్రం కాసేపు ఊగినా చివరికి ఒక అంకె దగ్గర నిలబడుతుంది, నిలబడ్డాక ఎవరు బతిమాలినా కదలదు. ఆ నిలకడ చూసి నాకు దాని మీద భక్తి కుదిరింది. కళింగపట్నంలో పడవలు ఒడ్డెక్కే చోట ఉన్న చేపల షెడ్డులో తూకాలు రాసే గుమస్తాగా అప్పుడప్పుడే కుదురుకుంటున్నాను. నా చదువు ఏడో తరగతితో ఆగిపోయింది గాని, భిన్నాలూ శాతాలూ సగటులూ అన్నీ పొట్లాం కాగితాల మీద సొంతంగా నేర్చుకున్నవాణ్ణి (నేర్పిన గురువు లేడు కనక తప్పు దిద్దేవాడూ లేడు, ఈ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు). షెడ్డులో నన్ను 'గ్రాముల గుమస్తా' అనేవారు. వెక్కిరింపుగానే అని ఉంటారు. నేను దాన్ని బిరుదు కింద తీసుకుని కాస్త నిటారుగా నడిచేవాణ్ణి.

ఇంట్లో నలుగురం. మా అమ్మ, నేను, మా ఇంటావిడ, ఏడాది దాటి అడుగులు నేర్చుకుంటున్న మా బుజ్జి. మా ఇంటావిడ నా సొంత మేనమామ కూతురు, అందుచేత పెళ్ళయ్యాక కూడా నన్ను బావా అనే పిలిచేది, చిన్నప్పుడు నన్ను ఎంత లెక్క చేసేదో అప్పుడూ అంతే లెక్క చేసేది. మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మి నన్ను పెంచింది. ఆవిడకి అంకెలు రావు, కాటా అవసరం లేదు. ఒక చేపని తోక పట్టుకుని లేపితే చాలు, ఎంత ఉంటుందో చెప్పేసేది. అది అరచేతి గొప్ప కాదనీ, సముద్రపొడ్డున గుడిలో ఉన్న అమ్మోరి చలవనీ ఆవిడ నమ్మకం. నేను పుట్టడం, నేను బతకడం, నాకు గుమస్తా పని రావడం, ఇవన్నీ కూడా అదే పద్దు కింద పడేవి. ఏడో తరగతి దాటకపోవడం మాత్రం నా సొంత ఖాతా.

ఒక వానాకాలం బుజ్జికి జలుబు చేసింది. జలుబు దగ్గయింది, దగ్గుకి జ్వరం తోడైంది, సాయంత్రానికల్లా పిల్ల ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగరడం మొదలైంది. మా అమ్మ ఇంకేమీ మాట్లాడకుండా పసుపు గుడ్డలో రూపాయి బిళ్ళ పెట్టి ముడుపు కట్టి, అమ్మోరి పటం మేకుకి తగిలించి, పిల్లకి జ్వరం తగ్గితే పిల్లంత ఎత్తు బెల్లం తులాభారం తూస్తానని మొక్కుకుంది. అదే సమయంలో నేను పిల్లని తువ్వాలులో చుట్టి ఆటో ఎక్కించాను. మా అమ్మ ముడుపు తగిలించిన చేత్తోనే వెనకాల పరుగెత్తుకొచ్చి ఎక్కింది. మొక్కు ముందా ఆటో ముందా అని తరవాత మా ఇంట్లో చాలా వాదన జరిగింది గాని, నా అంచనా ప్రకారం రెండూ ఒకేసారి.

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి, గోదావరి వైపు నుంచి వచ్చింది, మా యాస సగమే అర్థమయ్యేది. ఛాతీ మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, నర్సు చేత పిల్లని తూయించి (సరిగ్గా తొమ్మిది కిలోలు), ఛాతీలో నెమ్ము చేరిందనీ, సమయానికే తెచ్చామనీ చెప్పింది. ఒక సూది వేసి, కలుపుకునే మందు సీసా ఇచ్చింది. ఇచ్చేటప్పుడు నా మొహంలోకి చూసి ఒకే ఒక్క మాట గట్టిగా చెప్పింది. "జ్వరం రెండో రోజుకే తగ్గిపోవచ్చు. తగ్గిందని మందు మానేశారో, నెమ్ము తిరగబెడుతుంది. అప్పుడు నా చేతుల్లో కూడా ఉండదు. సీసా అడుగు కనబడేదాకా ఆపకండి." నేను తలూపాను. లెక్కలు తెలిసినవాడికి ఆ మాట తేలిగ్గానే అర్థమవుతుంది. సగం తూచి వదిలేసిన తట్టకి బిల్లు రాయం కదా.

చిక్కంతా ఇంటికొచ్చాక మొదలైంది. ముడుపు కట్టాక ఆ పని అమ్మోరి చేతిలో పెట్టినట్టు, మధ్యలో మరో చెయ్యి పెడితే ఆవిడకి కోపమొస్తుందని మా అమ్మ సీసా నా చేతిలోంచి లాక్కుంది. మొక్కకముందు మందు వేరు, మొక్కాక మందు వేరట. నేను షెడ్డులో రోజూ బేరాలు చూసేవాణ్ణి. ఇద్దరు వ్యాపారులు ఒకే తట్ట మీద చెయ్యేస్తే ఏం చేస్తాం, తలకింత పంచుతాం. ఆ తెలివి ఇక్కడ వాడాను. మొక్కినప్పుడు ఏమని మొక్కావో గుర్తు తెచ్చుకో అమ్మా అన్నాను. జ్వరం తగ్గాలనే కదా. దగ్గు మాటెత్తలేదు కదా. కనక జ్వరం అమ్మోరిది, దగ్గు డాక్టరమ్మది. ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు, మధ్యలో మనకెందుకు.

మా అమ్మ చాలాసేపు ఆలోచించింది. మొక్కిన మాటలు పెదాలు కదుపుతూ ఒకసారి మళ్ళీ చెప్పుకుని చూసుకుంది. నిజమే, దగ్గు లేదు. "సరే మరి, దగ్గు వరకే ఏస్తావు. జ్వరం జోలికెల్లకూడదు," అని సీసా తిరిగిచ్చింది. ఇచ్చేముందు దాని మూతకి కుంకుమ బొట్టు పెట్టింది. పూట పూటకీ మందు వేసేటప్పుడు సీసాని ఒకసారి అమ్మోరి పటానికి చూపించేది, వచ్చినవాళ్ళు పెద్దావిడకి చెప్పి లోపలికెళ్ళినట్టు. నేను మందు కొలిచే చిన్న మూతని కంటికి సమానంగా ఎత్తి, గీత మీద ఒక బొట్టు ఎక్కువా తక్కువా లేకుండా పోసేవాణ్ణి. ఇద్దరి భక్తీ చూసి మా ఇంటావిడ, మీరిద్దరూ పూజలు ముగించుకుంటే పిల్ల నోట్లో ఎవరో ఒకరు పొయ్యండి అనేది.

డాక్టరమ్మ చెప్పినట్టే రెండో రోజు పొద్దున్నకి పిల్ల ఒళ్ళు చల్లబడింది. ఇల్లంతా సంతోషం. మా అమ్మ గడప దగ్గర నిలబడి వీధికంతటికీ వినబడేలా అమ్మోరికి దణ్ణం పెట్టింది. అంతవరకూ బాగానే ఉంది. తరవాత లోపలికొచ్చి, రాబోయే మంగళవారమే తులాభారం, మందు ఈ పూటతో ఆపెయ్యి అంది. దగ్గు ఇంకా ఉంది కదా అన్నాను. అది దానంతటదే పోతుందట. తులాభారమంటే పిల్లకి తెల్లారగట్ల తలస్నానం చేయించి, తడి గుడ్డతో సముద్రపు గాలిలో గుడిదాకా మోసుకెళ్ళాలి. అదొకటి. మొక్కు తీరిందంటే అమ్మోరు నయం చేసేసిందని నలుగురిలో ఒప్పుకున్నట్టు. ఆ తరవాత కూడా మందు పోస్తే ఆవిడ మొహం మీదే నిన్ను నమ్మలేదు అన్నట్టు. అంటే ఇక ఒక్క చుక్క కూడా పడదు. అదింకొకటి. సీసాలో ఇంకా సగానికి పైగా మందుంది. పిల్ల పడుకుని ఊపిరి తీస్తుంటే చెవి ఆనించి విన్నాను, లోపల ఎక్కడో సన్నగా గురక. జ్వరాన్ని తగ్గించింది ఆ మందే కదమ్మా అని నెమ్మదిగా అన్నాను. మా అమ్మ నన్ను జాలిగా చూసింది. "అది దగ్గు మందురా. దానికి జ్వరంతో ఏటి పని?"

పంపకం నేను చేసిందే.

ఆ పూట షెడ్డులో తట్టలు తూస్తూ ఆలోచిస్తుంటే ఒక మార్గం తోచింది. మొక్కు ఏనాటిది? జ్వరం వచ్చిననాటిది. ఆనాడు పిల్ల తూకం ఎంత? తొమ్మిది కిలోలు. ఈ రెండు రోజులూ పాలు సరిగ్గా తాగలేదు, తినలేదు, తప్పకుండా తగ్గి ఉంటుంది. తగ్గిన పిల్లని తూస్తే అమ్మోరికి బెల్లం తగ్గదూ? మా అమ్మ ఎన్ని మాటలైనా పడుతుంది గాని తూకంలో తక్కువ ఇచ్చిందన్న మాట మాత్రం పడదు. మధ్యాహ్నం ఇంటికెళ్ళి ఈ ముక్క చెప్పగానే ఆవిడ నోటిమీద చెయ్యేసుకుంది. "ఒలమ్మ, అమ్మోరికి తక్కువ తూకమేటి. ముందు గుంటని తూసి సూడు."

అలా మా బుజ్జిని షెడ్డుకి తీసుకొచ్చాను. వేలాడే కాటాకి కొక్కెం, కొక్కేనికి వెదురు తట్ట, తట్టలో పాత చీర మడత, దాని మీద మా పిల్ల. వంజరాలూ చందువాలూ ఎక్కే సింహాసనం మీద పిల్ల ఎక్కేసరికి వేలంపాట ఆగిపోయింది. చేపలమ్మే ఆడవాళ్ళంతా చుట్టూ మూగి, కన్ను మెరుస్తోంది తాజాదే అని ఒకరూ, పులుసుకి సరిపోదు పెరగనివ్వండి అని ఒకరూ. బుజ్జి వాళ్ళందరినీ చూసి నవ్వి దగ్గింది. నేను మాత్రం నవ్వలేదు. ముల్లు నిలబడేదాకా ఊపిరి బిగబట్టి, తట్ట బరువు తీసేసి, మనసులో లెక్క కట్టి, సున్నం ముక్కతో స్తంభం మీద రాశాను. ఎనిమిది కిలోల వంద.

నేనేదో ఒక పావు కిలో తగ్గి ఉంటుందనుకుని, ఆ వంకన నాలుగు రోజులు నెట్టుకొద్దామనుకున్నాను. ఒక్కసారిగా కిలోకి దగ్గరగా పోయిందని తేలేసరికి సున్నం ముక్క అక్కడే పడేసి పిల్లని తట్టలోంచి తీసి చంకనేసుకున్నాను. వంక అనుకున్నది నిజమైపోయింది. రెండు రోజుల్లో ఇంత తగ్గితే, మందు ఆపితే ఏమవుతుంది? ఇంటికెళ్ళి అంకె చెప్పాను. నా మొహం చూసి మా అమ్మకి అంకె అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో పాలన మారిపోయింది. తొమ్మిది కిలోలు తిరిగొచ్చేదాకా తులాభారం లేదు, ఒంట్లో రోగం ఉండగా తూకం రాదు, కనక మందు ఆపడానికి వీల్లేదు. ఇది మా అమ్మే వేసిన తీర్పు. సీసా కాపలా తనే తీసుకుంది. నేను గీతకి సరిగ్గా పోశానో లేదో పక్కన నిలబడి చూసేది. రాగి జావ, మెత్తగా చిదిమిన పప్పన్నం, అరటిపండు, నెయ్యి. గుడ్డు పెట్టమని డాక్టరమ్మ చెప్పిందని భయపడుతూ గుర్తు చేశాను, ఎందుకంటే మొక్కు తీరేదాకా ఇంట్లో నీచు ముట్టకూడదని నియమం. మా అమ్మ క్షణం కూడా తడుముకోలేదు. నియమం మొక్కినవాళ్ళకి గాని పిల్లకి కాదంది. మొక్కింది నువ్వు కదమ్మా, మరి నాకెందుకు నియమం అని అడిగాను. నేను మొక్కినావిడ కడుపున పుట్టినవాణ్ణట, అంచేత వర్తిస్తుందట. మరి పిల్ల నా కడుపున, అంటే నాకే పుట్టింది కదా అని వాదించబోతే మా ఇంటావిడ, నీ కడుపున పుట్టిందేటి బావా అని ఒక్క మాటతో ఆ లెక్క కొట్టేసింది. రోజంతా చేపల మధ్య కూర్చుని ఒళ్ళంతా నీచు వాసనతో ఇంటికొచ్చి పప్పూ వంకాయా తినేవాణ్ణి. పొరుగింటి పులుసు వాసనకి కిటికీ మూసుకునేవాళ్ళం.

రోజూ షెడ్డులో తూకం. స్తంభం మీద అంకెలు ఒకదాని కింద ఒకటి చేరాయి. కొంచెం కొంచెం పెరుగుతున్నాయి గాని తొమ్మిది మాత్రం అందడం లేదు. పిల్ల చూస్తే బుగ్గలు తేలుతున్నాయి, దగ్గు విడుస్తోంది, ఎత్తుకుంటే చెయ్యి లాగుతోంది. మా అమ్మ మనవరాలిని చంకన వేసుకుని, ఇది తొమ్మిది దాటిందిరా అనేది. అప్పుడు నేను, అమ్మా, చేతికి మమకారం ఉంటుంది, ముల్లుకి ఉండదు అని చెప్పేవాణ్ణి. ఆ వాక్యం నాకు చాలా నచ్చింది కూడా. ఇద్దరు ముగ్గురికి చెప్పాను.

సీసా అడుగు కనబడింది. చెప్పిన ప్రకారం పిల్లని మళ్ళీ చూపించడానికి ఈసారి నలుగురం వెళ్ళాం. డాక్టరమ్మ ముందూ వెనకా గొట్టం పెట్టి విని, కళ్ళు మూసుకుని మళ్ళీ విని, ఛాతీ శుభ్రంగా ఉందంది. మా ఇంటావిడ గోడకి ఆనుకుంది. నేను పక్కకి తిరిగి కిటికీలోంచి బయటికి చూశాను (బయట చూడవలసిందేమీ లేదు, సైకిలు స్టాండు). అంతలో నర్సు పిల్లని తూసి, తొమ్మిది కిలోల నాలుగు వందలు అని పైకి చదివింది.

నేను వెంటనే మీ కాటా తప్పు అన్నాను. మర్యాదగానే అన్నాను. పొద్దున్నే తూశాననీ, ఎనిమిదిన్నర కూడా రాలేదనీ, తట్టతో సహా తూసి తట్ట తీసేశాననీ, పది కిలోల గుండు పెట్టి రోజూ పరీక్షించే కాటా అనీ, తూకంలో నాకు తెలియనిది లేదనీ వివరించాను. నర్సు ఇంకోసారి తూసింది. అంతే వచ్చింది. డాక్టరమ్మ తనే ఎక్కి చూసుకుని, నా బరువు సరిగ్గానే చూపిస్తోందండీ, కావాలంటే తక్కువ చూపించినా నాకు అభ్యంతరం లేదంది. మా అమ్మ అటూ ఇటూ చూస్తోంది. నేను స్వరం కొంచెం పెంచి, తొమ్మిదిన్నర పిల్ల నా కాటా మీద ఎనిమిదిన్నర ఎలా అవుతుంది, తొమ్మిదో వంతు, కాదు పదో వంతు ఎక్కడికి పోతుంది అని గట్టిగా లెక్క అడిగాను. పదో వంతు అన్న మాట నా నోట్లోంచి రావడం, మా ఇంటావిడ గోడ వదిలి ముందుకు రావడం ఒకేసారి జరిగాయి.

"బావా," అంది. "గుంటకి ఐసు తరుగు తీసేవేటి?"

తరుగంటే ఏంటని డాక్టరమ్మ అడిగింది. మా ఇంటావిడే చెప్పింది, నిదానంగా, జాలి లేకుండా. చేపల తట్ట తూసినప్పుడు అందులో ఐసూ నీళ్ళూ కూడా తూగుతాయి. అది చేప బరువు కాదు కనక పదో వంతు కొట్టేసి మిగిలింది రాస్తారు. ఈయన రోజంతా అదే పని చేస్తాడు. మా పిల్లలో కూడా ఐసు కొట్టేశాడు.

డాక్టరమ్మ ముందు పెదవి కొరుక్కుంది. తరవాత బల్ల మీద తల ఆనించింది. తల ఎత్తాక, మెడలో గొట్టం తీసి పక్కన పెట్టి కళ్ళు తుడుచుకుని, ఇన్నాళ్ళూ తూకం రాలేదనే మందు ఆపలేదా అని అడిగింది. అవునన్నాను. మంచి పని చేశారంది. నేను చేసిన పనుల్లో ఎవరైనా మెచ్చుకున్నది చాలా తక్కువ, అందులో ఇదొకటి.

తిరుగు ప్రయాణంలో మా అమ్మ ఆటోలో బుజ్జిని ఒళ్ళో పెట్టుకుని వంశధార గట్టు వైపు చూస్తూ కూర్చుంది. నాకు బెంగ పట్టుకుంది. మొక్కు ఆలస్యం కావడానికి కారణం నేనని తేలిపోయింది, ఇక అమ్మోరి కోపం, దానికంటే ముందు మా అమ్మ కోపం. క్షమించమని అడగడానికి మాటలు కూర్చుకుంటున్నాను. చివరికి ఆవిడే నా వైపు తిరిగింది.

"ఒరే, ఇన్నాళ్ళ బట్టీ రాస్తన్నావు కదా. ఎప్పుడేనా లెక్క తప్పేవా?"

లేదన్నాను. అది నిజం. షెడ్డులో నా అంకె మీద రెండో తూకం అడిగినవాడు లేడు.

"మరి ఇప్పుడేల తప్పేవు? అదీ రోజూ, ఒక్కలాగే?" అంది. నేను జవాబు చెప్పేలోగా ఆవిడే చెప్పింది. "నాను తొందరపడి మందు ఆపించేస్తానని ఆ తల్లికి తెలిసిపోనాది. నన్ను ఆపితే నాను ఆగను. నీ సెయ్యి అట్టుకుంది." అని పిల్ల జుట్టు సవరించి, విషయం అయిపోయినట్టు మళ్ళీ ఏటి వైపు తిరిగింది. మా ఇంటావిడ నా మొహం చూసి పైట నోటికి అడ్డం పెట్టుకుంది.

నేను ఆ మాట గురించి చాలాసేపు ఆలోచించాను. నా ముందు రెండు దారులున్నాయి. పిల్లకీ చేపకీ తేడా తెలియక తప్పు చేశానని ఒప్పుకోవడం ఒకటి, అమ్మోరు స్వయంగా వచ్చి చేయించిందని ఒప్పుకోవడం రెండోది. షెడ్డులో నాకున్న పేరూ, ఇంట్లో లేని పేరూ రెండూ లెక్కలోకి తీసుకుంటే రెండోదే లాభసాటిగా కనబడింది. ఆ సాయంత్రం ఎవరడిగినా, అమ్మోరు నా చెయ్యి పట్టుకుంది అనే చెప్పాను. అందరూ గౌరవంగా విన్నారు. భక్తి ఇంత ఉపయోగకరమైనదని అంతకుముందు నాకు తెలియదు.

మంగళవారం తులాభారం జరిగింది. ఎండ ఎక్కాక, గోరువెచ్చటి నీళ్ళతో స్నానం చేయించి, ఒళ్ళు పొడిగా తుడిచి తీసుకెళ్ళింది మా అమ్మ. పద్ధతి మారిందేం అని పూజారి అడిగితే, అమ్మోరికి పిల్ల కావాలి గాని దాని జలుబెందుకూ అంది. ఒక పళ్ళెంలో కొత్త గౌను తొడుక్కున్న బుజ్జి, ఇంకో పళ్ళెంలో నరసన్నపేట సంతలో ఏరి తెచ్చిన బెల్లం అచ్చులు. పళ్ళేలు సమానమయ్యాయి. చాలమ్మా అన్నాడు పూజారి. మా అమ్మ ఇంకో అచ్చు పెట్టింది, ఆ పైన ఇంకొకటి. బెల్లం పళ్ళెం నేల తాకింది, బుజ్జి పైకి లేచి కేరింతలు కొట్టింది. నేను ఎక్కువైందమ్మా అనబోయాను. మా ఇంటావిడ నా కాలు తొక్కింది.

ఆ పిల్లకిప్పుడు తన పిల్లలు. జ్వరమొస్తే ముందు మందు పోసి, తరవాత తన నానమ్మ నేర్పిన దణ్ణం పెట్టి, ఆ తరవాత నాకు ఫోన్ చేస్తుంది. ఎవరి వల్ల తగ్గిందని ఎవరూ అడగరు, పిల్ల లేచి ఆడుకుంటోందా లేదా అదొక్కటే అడుగుతారు. నాకు అప్పుడప్పుడు గుడి ముందు నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తాడు. చేతులు కట్టుకుని, కళ్ళు చిట్లించి, కూతురు గాల్లో కేరింతలు కొడుతుంటే పళ్ళెంలో బెల్లం ఎంత ఎక్కువైందో మనసులో కట్టుకుంటున్నవాడు. ఒరే నాయనా, ఒక్కసారి తలెత్తి పిల్లని చూడరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినడు. ఆగండి, తేడా ఎంతో తేలుతోంది అంటాడు.